రెండూ ఎడమ చేతులే

బరువెత్తుకుని ఎత్తు ఎక్కాలంటే చాలు, బావమరిది లారీ వెనక చక్రాలు కప్పల్లా గెంతేవి. గుట్ట మీద కడుతున్న నీళ్ల ట్యాంకుకు రాయి తోలే పని రావాలంటే, ఆ సాయంత్రం నాలుగింటికి మేస్త్రీ కళ్ల ముందు నిండు బండిని ఏటవాలు ఎక్కించి చూపించాలి. గెంతిందా, పని ఇంకో లారీకి పోయినట్టే.

"నా బతుకు నీ చేతిలో ఉంది బావా," అన్నాడు పొద్దున్నే షెడ్డుకు వచ్చి.

"నా చేతిలో వెల్డింగ్ రాడ్డుంది. బతుకు కాస్త అవతల పెట్టుకో, కాలుతుంది," అన్నాడు వెల్డర్.

ఆ గెంతుడుకు మందు లాడర్ బార్లే, నిచ్చెనల్లాంటి ఇనుప బార్లు, చెరో పక్కా ఒకటి. కింద తిన్నని పైపు, పైన వాలు పైపు, మధ్యలో మెట్లలా మూడు ముక్కలు. వెనక ఇరుసుకు బిగించి, ముందు కొసన పక్కకు పొడుచుకొచ్చిన చెవిని లారీ చట్రానికి బోల్టుతో కలిపితే ఇరుసు మెలితిరగదు, చక్రం గెంతదు. ఎడమవైపు బారు ముద్దొచ్చేలా కుదిరింది. దాని పక్కనే, దాన్ని చూస్తూ, అచ్చుగుద్దినట్టు రెండోది పేర్చాడు. చెవి కదలకుండా ముందుగా నాలుగు వెల్డింగ్ చుక్కలు పెట్టాడో లేదో, భార్య కేకేసింది.

"ఏమండీ, భోజనానికి రండి!"

"పది నిమిషాలే! అతుకు పూర్తిచేసి వస్తా."

ఆమె దర్జీ. మెడలో టేపుతోనే వచ్చి వెల్డింగ్ మిషను స్విచ్చి కట్టేసింది. నేల మీది బార్లను చూసి ఆగిపోయింది.

"ఇదేంటండీ, రెండూ ఎడమ చేతులే కుట్టారు?"

వెల్డర్ రెండో బారును తిరగేశాడు. చెవి అటు మారింది గానీ వాలు పైపు కిందికొచ్చింది. మళ్లీ తిప్పాడు. ఇరవై ఏళ్ల పనితనం చెవుల దాకా ఎర్రబడింది.

"నా లారీకి కుడివైపు లేదనుకున్నావా బావా?"

"పొద్దుట్నుంచీ పక్కనే కూర్చుని నువ్వేం చూశావురా?"

"పోట్లాట తిన్నాక పెట్టుకోండి," అందామె. "ఇంకా కచ్చా కుట్టేగా వేసింది, విప్పేయండి."

నిజమే. ఆ కేక పది నిమిషాలు ఆలస్యమైతే చెవి పైపులో కలిసిపోయేది. రోజూ విసుక్కునే ఆ పిలుపుకు వెల్డర్ మనసులోనే దండం పెట్టుకున్నాడు.

తిన్నాక చుక్కలు కోసి, ఆమె చెప్పినట్టు బార్లను ఎదురెదురుగా, అద్దంలో బొమ్మల్లా పెట్టి, చెవిని అవతలివైపు అతికాడు. మూడున్నరకు ఆఖరి బోల్టు బిగిసింది.

"గెంతే ఆ గుర్రం నేనెక్కను" అని ఇన్నాళ్లూ మొరాయించిన ఆమె, సగం కుట్టిన చొక్కాతో లారీ ఎక్కి కూర్చుంది.

"సూది గుచ్చుకుంటుందక్కా!"

"గుచ్చుకుంటే ఆ లెక్క మీ బావతో తేల్చుకుంటాలే. పోనీ."

రాళ్ల బరువుతో లారీ మూలుగుతూ ఏటవాలు పట్టింది. వెల్డర్ చక్రాల మీదే చూపు పెట్టి వెనక నడిచాడు. గెంతలేదు. చీమ గోడెక్కినట్టు ఎక్కింది. పైన మేస్త్రీ చెయ్యూపాడు. "రేపట్నుంచి వచ్చెయ్!"

ఆమె దిగి, ఎక్కుతున్నంతసేపూ తను కుట్టిన చొక్కా చెయ్యి చాపి చూపించింది. కుట్లన్నీ వరసగా ఉన్నాయి. ఒక్కటే వంకర.

"అదేంటి?" అన్నాడు వెల్డర్, మళ్లీ చక్రాల వైపు చూస్తూ.

"అది గేరు మార్చిన మా తమ్ముడి పనితనం. మీది కాదు లెండి."