బెలూన్ వెనక వెళ్లేదెవరు

మా ఆయనకి ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో పెళ్లయిన ఇన్నేళ్లకీ తెలియదు. ముప్పై కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు వీస్తుందో మాత్రం అడక్కుండానే చెబుతారు. ప్రస్తుతం మా ఫ్రీజర్లో బఠాణీలు ఉండాల్సిన చోట ఒక థర్మోకోల్ పెట్టె ఉంది. పైన ఉండే చలికి అది ముందే అలవాటు పడాలట. బఠాణీలు ఎండకి అలవాటు పడ్డాయో లేదో ఎవరూ అడగలేదు.

ఆ పెట్టెలో చిన్న ట్రాన్స్‌మిటరూ, బ్యాటరీలూ, కెమెరా ఉంటాయి. హీలియం నింపిన బెలూన్ దాన్ని పైకి మోసుకెళ్లి అక్కడ పగిలిపోతుంది. పెట్టె పారాచూట్‌తో ఎక్కడో దిగుతుంది. తానెక్కడుందో దారి పొడవునా రేడియోలో చెబుతూనే ఉంటుంది. నేలకి దగ్గరయ్యేసరికి గుట్టలూ చెట్లూ అడ్డొచ్చి ఆ సిగ్నల్ ఆగిపోతుంది. అందుకని ఎవరో ఒకరు బండి మీద దాని వెంట పడాలి.

మొదటిసారి వెంట పడింది మా మరిది. ఇంట్లో రేడియో సెట్టు ముందు కూర్చుని దారి చెప్పింది మా ఆయన. క్వారీ రోడ్డు మలుపులో రాళ్ల లారీ ఎదురొచ్చింది. మరిది కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. పెట్టె మాత్రం గీత కూడా పడకుండా దొరికింది. దానికి రెండు పొరల థర్మోకోల్ చుట్టి, పైన పారాచూట్ కట్టారు మరి. మరిదికి అవేవీ కట్టలేదు.

ఆ రోజు నేను ఇంట్లో లేను. సెట్టులో ఎవరేమన్నారో వాళ్లిద్దరికే తెలుసు. ఆసుపత్రి మంచం మీద మరిది ఒక్కసారే అన్నాడు, "అన్నయ్య తొందరపెట్టాడు వదినా" అని.

"మందుల మత్తులో మాట్లాడుతున్నాడు. నెమ్మదిగా వెళ్లమనే చెప్పాను నేను," అన్నారీయన.

ఈయన ఉద్యోగం ఇన్సూరెన్స్ ఆఫీసులో యాక్సిడెంట్ క్లెయిములు చూడటం. తప్పెవరిదో తేల్చడంలో అందె వేసిన చెయ్యి. తమ్ముడి కేసు కూడా ఆ పూటే తేల్చేశారు. మరిది మళ్లీ ఆ మాటెత్తలేదు, మా గుమ్మం తొక్కలేదు. ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం పోయింది. ఇప్పుడొక మెట్ల కింద కొట్లో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు. తోటికోడలు బజార్లో కనబడితే పలకరిస్తుంది, అదీ కూరగాయలకి మించి మాట సాగనివ్వదు.

అలాంటివాడు పోయిన ఆదివారం చేతికర్ర పట్టుకుని మా గుమ్మం ఎక్కాడంటే కారణం నర్సమ్మ. అతనికి కొత్త కాలు అమర్చిన ఆసుపత్రిలో పనిచేసే అమ్మాయి. నడక నేర్పిస్తూ అతని దగ్గరే రేడియో సెట్టులో మాట్లాడటం నేర్చుకుంది, పరీక్ష రాసి అందుకు సర్కారిచ్చే లైసెన్సు కూడా తెచ్చుకుంది. ఈయన రెండో బెలూన్ మొదలుపెట్టగానే, దాని వెనక స్కూటర్ మీద నేను వెళ్తానని చెయ్యెత్తింది. ఆ సంగతి విన్నాక మరిది ఇంట్లో ఆగలేకపోయాడు.

భోజనాల బల్ల మీద మ్యాపు పరిచారు. బెలూన్ ఎంత బరువు లాగాలో చూడటానికి ఈయన సీసాలో కొంచెం కొంచెంగా నీళ్లు పోసి తూస్తున్నారు.

"సార్, పోయినసారి యాక్సిడెంట్ ఎలా జరిగింది?" అంది నర్సమ్మ. "మళ్లీ నేనూ అదే తప్పు చెయ్యకూడదు కదా."

నీళ్ల చప్పుడు ఆగింది.

"స్పీడు," అన్నారీయన సీసా మూత బిగిస్తూ. "మలుపు దగ్గర తగ్గించుకోవాలి. మనవాడు తగ్గించలేదు."

"అంతేనా అన్నా?" అని ఆమె మరిదిని అడిగింది.

"నేను చెబితే మత్తులో చెప్పినట్టుంటుంది," అన్నాడు మరిది మ్యాపు మీంచి తలెత్తకుండా. "ఇవాళే ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూద్దాం. నువ్వు బండి నడుపు, అన్నయ్య దారి చెబుతాడు."

"ఇప్పుడీ పరీక్ష ఎందుకురా?"

"పరీక్ష ఆమెకి అన్నయ్యా. నీకెందుకు ఉలుకు?"

మరిది జేబులోంచి తీసిచ్చిన ట్రాన్స్‌మిటర్ని కూరల సంచిలో వేసుకెళ్లి, ఊరి చివర పొదల్లో దాచిపెట్టి ఆటోలో తిరిగొచ్చాను. "అయిపోవచ్చిన బ్యాటరీ పెట్టాను వదినా, కాసేపట్లో ఆగిపోతుంది. అన్నయ్యతో అనకు," అని నా చెవిలో వేశాడు ముందే. అనలేదు. ఇంట్లో నాకు దొరికే సరదాలే తక్కువ.

నర్సమ్మ బయల్దేరేటప్పుడు మరిది గుమ్మం దాకా వెళ్లి చెప్పాడు. "చెవిలో ఏం వినబడినా సరే, భయమేస్తే పక్కకి ఆపెయ్. జవాబు చెప్పాలన్నా బండి ఆపాకే చెప్పు."

"నెమ్మదిగా వెళ్లమ్మా, తొందరేం లేదు," అని మైకులో మొదలుపెట్టి, ఈయన మా వైపు గర్వంగా చూశారు.

కాసేపటికి లాప్‌టాప్ మీద ట్రాన్స్‌మిటర్ జాడ చూపించే చుక్క ఆరిపోయి, మళ్లీ వెలిగింది. ఈయన ముందుకి వంగారు.

"సిగ్నల్ పోతోందమ్మా. ఎక్కడిదాకా వచ్చావ్? పలకవేం? ఇంకా మార్కెట్ దగ్గరే ఉన్నావా? కొంచెం తొందరగా! హారన్ కొట్టుకుంటూ పో! మలుపుల్లో ఆగకు, ఆగితే పోతుంది. కానీ, కానీ!"

కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మెడ మీద నరాలు ఉబ్బాయి. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. మేం గదిలో ఉన్న సంగతే ఆయనకి గుర్తున్నట్టు లేదు.

మరిది కళ్లు మూసుకుని కూర్చున్నాడు. రెండు చేతులతో కుడి మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. తర్వాతి మాటేదో ముందే తెలిసినట్టు అతని పెదాలు ఈయనకన్నా ముందే కదులుతున్నాయి. "కానీ, కానీ" అన్నది కూడా. అప్పుడు నా ఒంట్లో సరదా చచ్చిపోయింది.

చుక్క పూర్తిగా ఆరిపోయింది.

"నర్సమ్మా?" అన్నారీయన. "అమ్మా, వినబడుతోందా? ఒక్కసారి పలుకు." స్పీకర్లో గరగర తప్ప ఏమీ లేదు. ఈయన సెట్టు మీదకి వంగి స్పీకర్ సౌండు పెంచారు. "అమ్మా!"

"పక్కకి ఆపాను సార్." ఆమె గొంతు సన్నగా వచ్చింది. "లారీ ఒకటి రాసుకుంటూ పోయింది. ఇంక నేను వెళ్లను. ఆ రోజు అన్నతో కూడా ఇలాగే మాట్లాడారా?"

ఈయన మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. "అది... అప్పటి పరిస్థితుల దృష్ట్యా, సమాచారం అందించే క్రమంలో కొంత..."

"ఆఫీసు భాష వద్దన్నయ్యా," అన్నాడు మరిది, కళ్లు తెరవకుండానే.

ఈయన తమ్ముడి వైపు చూడలేకపోయారు. సెట్టు వైపే తిరిగి మైకు నొక్కారు.

"వాడు తొందరపడలేదమ్మా. మలుపు దగ్గర ఆగుతానన్నాడు. నేనే ఆగొద్దన్నాను."

మైకు బల్ల మీద పెట్టేశారు. ఇంక ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకుని, అప్పుడు తిరిగారు తమ్ముడి వైపు.

"తప్పు నాదేరా. నీది కాదు. ఇన్నాళ్లూ అబద్ధం చెప్పాను."