ఎవరి మాటకు వారి పేరు

కాశీబుగ్గలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నాగసుధ ఎకనామిక్స్ చెబుతుంది. ఫైనలియర్ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు చేతికొచ్చినప్పటి నుంచి ఆమెకు తలనొప్పి తగ్గడం లేదు. ఎవరి మాట వాడుకుంటే కింద వాళ్ల పేరు రాయాలని సెమిస్టరంతా చెవినిల్లు కట్టుకుని పోరింది. అయినా ఒకడు ఆధారాల కింద ‘గూగుల్’ అని రాశాడు. ఇంకొకామె ‘నెట్ సెంటర్, మందస’ అని రాసింది.

ఆ మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గిరీష్ పిలిచి రెండు రిపోర్టులు ముందుకు తోశాడు.

“అక్కుపల్లి మగాళ్లు చేపల వేట పనికి గుజరాత్ పోతే ఇక్కడ ఆడవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారన్న భాగం రెండింట్లోనూ పొల్లు పోకుండా ఒకటే ఉంది మేడమ్. యుగంధర్ ముందిచ్చాడు, కింద పుస్తకాల పేర్లూ రాశాడు. కాపీ కొట్టింది భవ్యశ్రీయే. రిజెక్ట్ చేసేయండి.”

నాగసుధకు ఒళ్లు మండిపోయింది. భవ్యశ్రీది అక్కుపల్లే. సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చిందని ఆమెకు తెలుసు. యుగంధర్ది టెక్కలి, సముద్రం మొహం చూసేది పిక్నిక్‌కే. ఇద్దర్నీ అక్కడికే పిలిపించింది.

“నువ్వు కింద రాసిన ఈ మొదటి పుస్తకం ఎక్కడ చదివావు?” అని యుగంధర్‌ని అడిగింది.

“ఫోన్లో ఏఐని అడిగినాను మేడమ్, అదే ఇచ్చింది. రచయిత పేరు, సంవత్సరం ఉండాలని మీరే సెప్పినారు కదా.”

“అసలు అలాంటి పుస్తకం ఉందా?”

“అది సూడలేదు మేడమ్.”

“మరి పైన ఈ భాగంలో ఉన్న మాటలు ఎవరివి?”

భవ్యశ్రీ అందుకుంది. “నేను రాసినవే మేడమ్. ఎలా రాయాలో సూసుకుంటానంటే ఇచ్చినాను. ఇలా సేత్తాడనుకోలేదు.”

“ఒకే క్లాసోళ్లం కదా మేడమ్. దానిక్కూడా పేరెయ్యాలా ఏటి?” అన్నాడు యుగంధర్.

నాగసుధ బల్ల మీద చెయ్యి చరిచింది. “ఎండలో తిరిగి మోసుకొచ్చిన పిల్ల దొంగ, కూర్చున్న చోటే ఎత్తుకున్న నువ్వు దొరవా?”

గిరీష్ వాచీ చూసుకున్నాడు. “సరే మేడమ్, ఇద్దరివీ పాస్ చేసేయండి. యూనివర్సిటీకి ఇవాళే పంపాలి.”

“భవ్యశ్రీది పంపండి సార్. ఇతనిది తిరగరాశాకే సంతకం పెడతాను. లేటైతే కానివ్వండి.”

గిరీష్ ఏదో గొణుక్కుంటూ భవ్యశ్రీ రిపోర్టును కవర్లో పెట్టాడు.

స్టాఫ్‌రూమ్‌లో యుగంధర్ మొహం మాడ్చుకుని పుస్తకాల పేర్లన్నీ కొట్టేశాడు. ఆ భాగం కింద భవ్యశ్రీ పేరు రాశాడు. పక్కనే నిలబడి చూస్తున్న ఆ పిల్ల ఊరుకోలేదు.

“నా పేరొక్కటే రాత్తే ఎలాగ? నాకు సెప్పింది మా వీధిలో ఉండే పెద్దతల్లనే ఆవిడ. ఆవిడ పేరూ రాయి.”

రాశాడు. తలెత్తి, “మేడమ్, పెద్దతల్లికి పేజీ నంబరేటి?” అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియక నాగసుధ కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చుంది. “నోటి మాటకు పేజీ ఉండదురా. ఎవరు చెప్పారు, ఏ ఊళ్లో, ఎప్పుడు. అది రాయి.”

“ఎప్పుడు సెప్పిందో నాకేటి తెలుసు?”

“తెలిసినవాళ్లని అడుగు.”

యుగంధర్ భవ్యశ్రీ వైపు తిరిగి, “ఆవిడ నీకెప్పుడు సెప్పింది?” అని అడిగాడు.