రెండో పోర్టు

“నువ్వు ఫోన్లో మెల్లగా చెప్పు చాలు, అక్కడ నేను గట్టిగా చెప్పుకుంటాను,” అన్నాడు మొగుడు, పొద్దున బూట్లలో కాళ్లు దూరుస్తూ. చెవిలో పెట్టుకునే బుల్లి ఇయర్‌ఫోను జేబులో వేసుకున్నాడు. ఆమె తలూపింది. చేతుల్లో అత్తగారి తడిసిన దుప్పటి ఉంది. ఆ దుప్పటితో గుమ్మంలో నిలబడి ఇంకేం చెయ్యగలదు?

ఆయన వెళ్లే ఆఫీసు ఒకప్పుడు ఆమెది కూడా. నీళ్ల పంపుల్ని నడిపే పాతకాలపు కంప్యూటర్లు పాడైపోయి, వాటిని చేసిన కంపెనీయే మూతపడితే, ఆ పాత యంత్రాన్ని కొత్త కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ బతికించడం అక్కడి పని. ఎమ్యులేటర్ అంటారు. లోపలున్న ప్రోగ్రాముకి తానింకా ఆ పాత యంత్రపు బోర్డు మీదే నడుస్తున్నాననిపించాలి, అదీ కిటుకు. అందులో ఆమెది అందెవేసిన చెయ్యి. ఆ మాట పదిమందిలో ఆయనే అనేవాడు. పెళ్లికి ముందులెండి.

తర్వాత అత్తగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. “ఆర్నెల్లేగా, అమ్మ లేచి నడిచేదాకా. నీకైతే ఉద్యోగం మళ్లీ ఇట్టే దొరుకుతుంది,” అన్నాడు. అత్తగారు లేచింది, చేతికర్రతో ఇంట్లో కాస్త కాస్త తిరుగుతోంది. కోడలు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. ఆఫీసు మాత్రం ఆమెని వదిలితేగా! ఆయన పనంతా ఇంటికొచ్చేది. మొదట్లో “ఒక్కసారి చూసిపెట్టవూ” అనేవాడు. తర్వాత “చూశావా?” అయింది. ఇప్పుడు “ఇంకా చూళ్లేదా!” ఇది కూడా గిన్నెలు తోమడం, బట్టలు ఆరెయ్యడంలో కలిసిపోయింది.

ఈమధ్యే ఆఫీసులో ఆయన పై అధికారి, మేడమ్, ఓ కబురు చెప్పిందట. అచ్చంగా ఈ పనికే ఒక మనిషిని తీసుకుంటారట. అది విన్నప్పటినుంచీ ఆమె కాళ్లు నేలమీద నిలవలేదు. “నీ గురించి మేడమ్‌తో నేను మాట్లాడతాగా, ముందు ఆవిడకి నడిపి చూపించాల్సిన ఈ డెమో గట్టెక్కనీ,” అన్నాడాయన. అమ్మకి పగటిపూట మనిషిని పెడదామని కూడా అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మకపోతే ఎలా, మొగుడు కదా.

పదకొండింటికి ఫోను మోగింది. ఆమె అత్తగారి వెనక కూర్చుని చిక్కు తీస్తోంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది. అవతల గదిలో కుర్చీల చప్పుడు, నలుగురి మాటలు.

“నీళ్ల మీటరు రీడింగ్ రావట్లేదేంటండీ? అన్నీ సున్నాలే,” మేడమ్ గొంతు.

దగ్గు వినిపించింది. దగ్గితే చెప్పాలని ఒప్పందం.

“కొత్త పోర్టేమైనా జోడించారా?” అంది ఆమె. పోర్టంటే మీటర్లాంటివాటి తీగ తగిలించే చోటు.

“ఊఁ.”

నిన్న అంతా సరిచేసి ఇస్తే, ఈ మహానుభావుడు తన తెలివి కూడా కాస్త కలిపాడన్నమాట. “తీసెయ్యండి. ఆ ప్రోగ్రాము కొత్తవాటి మొహం చూడదు. బోర్డుతో పుట్టిన పోర్టులు రెండున్నాయిగా, వాటినే వెతుక్కుంటుంది. వాటిని మనం పెట్టక్కర్లేదు, పీకెయ్యనూ లేం. ఏది ఎక్కడికి కలవాలో చెప్పాలంతే.”

“ఈ ప్రోగ్రాము కొత్తవాటి మొహం చూడదు మేడమ్,” అన్నాడాయన గట్టిగా. గదిలో నవ్వులు. మాట ఆమెది, నవ్వులు ఆయనకి.

“ఎవరితోనే అమ్మాయ్, ఆ గుసగుసలు?” అంది అత్తగారు.

“మీ అబ్బాయితోనేనండీ.”

“వాడక్కడ పనిలో ఉంటాడు. ఊరికే విసిగించకు.”

ఇంకా సున్నాలేనట. మళ్లీ దగ్గు. “మీటరు ఉండేది రెండో పోర్టు మీద. మీరు ఒక్క లైనే ఇస్తే అది మొదటిదానికి పోతుంది, వరుసలో పంచుతుందది. ముందు మొదటిదానికి ఏమీ లేదని రాయండి. దాని వెనక మీటరు లైను ఇవ్వండి.” టకటకా కీబోర్డు చప్పుడు. ఆయన ఆ మాటలన్నీ పొల్లుపోకుండా పైకి వల్లించాడు. ఒక్క నిమిషానికి చప్పట్లు.

“ఎంత తేలిగ్గా తేల్చేశారండీ!” అంది మేడమ్. “ఈ పనికి మనిషి కావాలనుకున్నాం కదా, మీ దృష్టిలో ఎవరైనా ఉన్నారా?”

ఆమె చేతిలో దువ్వెన ఆగిపోయింది. చెప్పండి, చెప్పండి.

“ఎందుకు మేడమ్ దండగ? ఇదంతా నాకు వెన్నతో పెట్టిన విద్య. నేనే చూసుకుంటాను. కొత్త మనిషెందుకు?”

“అయితే సరే. ఆ పోస్టు అక్కర్లేదని సాయంత్రంలోగా పైకి రాసేస్తాను.”

ఒళ్లంతా మండిపోయింది ఆమెకి. చాటుగా అనుంటే, ఎప్పటికో తెలిసుంటే, ఏదో నోరుజారాడని సర్దుకునేదేమో, ఇన్నాళ్లూ సర్దుకున్నట్టే. కానీ తను వింటోందని ఆయనకి తెలుసు. ఆయన చెవిలో తన ఊపిరి తగులుతూనే ఉంది. విన్నా ఏం చేస్తుందిలే, సాయంత్రానికి కాఫీ పెట్టిచ్చి ‘డెమో ఎలా జరిగింది’ అని అదే అడుగుతుంది అన్న ధీమా ఆ గొంతులో. ఆ ధీమా తనిచ్చిందే. తడిసిన దుప్పటి పట్టుకుని తలూపి, చూసిపెట్టవూ అన్నప్పుడల్లా చూసిపెట్టి, తనే ఇచ్చింది. ఏడుపు రాలేదు. సిగ్గేసింది, ఆ తర్వాత విపరీతమైన కోపమొచ్చింది.

“మరి ఈ తేదీ ఏంటండీ, ఎప్పటిదో చూపిస్తోంది?” అంటోంది మేడమ్. “ఇలా ఉంటే పంపులు వేళకి ఎలా తిరుగుతాయి?”

దగ్గు.

జవాబు ఆమె నాలుక చివరే ఉంది. గడియారం కూడా బోర్డులోదే. ఇవాళ్టి టైము తీసుకోమని ఒక్క ముక్క చెప్పకపోతే పాత తేదీనుంచే మొదలవుతుంది. ఒక్క లైను పని.

మళ్లీ దగ్గు. ఈసారి పొలమారినట్టు, గట్టిగా.

ఆమె ఫోను కట్ చేసింది. జడ పూర్తిగా అల్లి, రబ్బరుబ్యాండు వేసింది. అత్తగారిని బాత్రూంకి తీసుకెళ్లి తీసుకొచ్చింది. అన్నం, మందులు, మంచినీళ్లు మంచం పక్కన బల్ల మీద అందేలా పెట్టింది. ఫోను మోగుతూనే ఉంది. బీరువా అడుగునుంచి ఆఫీసు బట్టలు తీసి వేసుకుంది. నడుం దగ్గర కాస్త బిగుతయ్యాయి. అయితే అయ్యాయి.

“చెవులు చిల్లులు పడుతున్నాయి, ఎత్తవేమే?” అంది అత్తగారు. అప్పుడు చూసింది కోడలి బట్టలు, భుజాన సంచి. “ఎక్కడికే ఈ వేళప్పుడు? మరి నన్నెవరు చూస్తారు?”

ఆమె ఫోను ఎత్తి, అత్తగారి చేతిలో పెట్టింది.

“మీ అబ్బాయేనండీ. మేడమ్‌తో మాట్లాడ్డానికి నేను ఆఫీసుకి వెళ్తున్నాను. మిమ్మల్ని చూసుకోడానికి ఆయన్ని ఇంటికి రమ్మనండి.”