తల మీద పెట్టని వేలు

నేను ఒక టెస్టర్‌ని. చూడటానికి స్క్రూడ్రైవర్‌లాగే ఉంటాను. పసుపు ప్లాస్టిక్ పిడి, దాని లోపల బియ్యపు గింజంత బల్బు, పిడి చివర చిన్న ఇత్తడి టోపీ. నా కొనను తీగకు ఆనించి, ఆ టోపీ మీద వేలు పెట్టాలి. తీగలో కరెంటు ఉంటే బల్బు ఎర్రగా వెలుగుతుంది. వేలు పెట్టకపోతే నేను వట్టి ఇనుప పుల్లని.

ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను కొన్న ఎలక్ట్రీషియన్ రాజమల్లు నాతో కరెంటు చూసిన దానికంటే వీపు గోక్కున్నదే ఎక్కువ. జగిత్యాల దగ్గర ఒక సర్కారు బడిలో ఫ్యాన్లు బిగించి, నన్ను కిటికీలో మరిచిపోయాడు. అలా సైన్సు గది బీరువాలోకి చేరాను.

భిక్షపతి సార్ పదో తరగతికి ఏడాదికొకసారి నన్ను పైకెత్తి చూపించేవారు. "కరెంటు ఉంటే దీంట్ల బల్బు వెలుగుతది, లేకుంటే వెలగది. రాసుకోండ్రి" అనేవారు. పిల్లలు రాసుకునేవారు. ఆ వాక్యం పరీక్ష పేపర్లో తిరిగి కనిపిస్తే మార్కులు పడేవి. నవనీత అనే అమ్మాయికి ఆ ప్రశ్నకు ఐదుకు ఐదూ వచ్చాయి.

ఆగస్టులో ముసురు పట్టిన ఒక పొద్దున, పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే ఎల్లవ్వ సైన్సు గది గుమ్మం దగ్గరికి వచ్చింది.

"సార్ లేడా బిడ్డా? నల్లా ముట్టుకుంటె చెయ్యి జిల్లుమంటున్నది."

సార్ ఇంకా ఆఫీసు గదిలోనే ఉన్నారు. గదిలో ఉన్న నవనీత బీరువా తెరిచి నన్ను తీసింది. "నేను చూస్త పా అవ్వా."

వంటగది వెనక బోరు మోటారు తిరుగుతోంది. దాని ఇనుప పైపుకే నల్లా, అదే నీళ్ల కుళాయి. చుట్టూ నేలంతా తడి. నా కొన పైపుకు తాకగానే నాకు తెలిసిపోయింది, మోటారు నుంచి కరెంటు పైపులోకి దిగింది. నవనీత బొటనవేలు నా టోపీ దాకా వచ్చి, గోరంత దూరంలో ఆగింది. వెనక్కి పోయింది. ఆమె ప్లాస్టిక్ పిడిని మాత్రమే పట్టుకుంది. కరెంటు పోవడానికి దారి లేదు. బల్బు వెలగలేదు.

పెట్టు తల్లీ, వేలు పెట్టు అని లోలోపల మొత్తుకున్నాను. నాకున్న నోరు ఆ బల్బు ఒక్కటే.

"వెలగలేదవ్వా. కరెంటు లేదు."

"సదువుకునేదానివి, నీకే ఎర్క" అంది ఎల్లవ్వ. బియ్యం కడిగే గిన్నె చంకన పెట్టుకుని, తడి చేత్తో నల్లా పట్టుకుంది.

ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. మళ్లీ విచ్చుకోలేదు. నోరు తెరిచింది కానీ గొంతు రాలేదు. గిన్నె జారి బియ్యం బురదలో పడ్డాయి. నవనీత నన్ను పారేసి ఆమె భుజం పట్టుకోబోయింది.

"ముట్టకు! మోటర్ బంద్ చెయ్" అని వరండాలోంచి సార్ కేక వినబడింది.

జానెడు దూరంలో నవనీత చెయ్యి ఆగింది. గోడవైపు పరుగెత్తి స్విచ్చి ఆపేసింది. మోటారు ఆగింది. ఎల్లవ్వ కుప్పకూలింది. సార్ మోకాళ్ల మీద కూర్చుని ఆమె ఛాతీని రెండు చేతులతో అదుముతూనే ఉన్నారు. బురదలో పడి నేను ఆ ముఖాన్నే చూస్తున్నాను. ఎంతసేపో తెలియదు. చివరికి ఎల్లవ్వ దగ్గింది.

మూడో రోజు సార్ నన్ను ప్లగ్గులో పెట్టి చూసి, బల్బు బాగానే వెలగడంతో నవనీతను పిలిచారు. అప్పటికి ఆ పిల్ల సరిగా తిని మూడు రోజులైంది.

"టోపీ మీద వేలెందుకు పెట్టలే బిడ్డా?"

"పెడితే కరెంటు నా ఒంట్లకెళ్లి పోతది గద సార్. సచ్చిపోత అనుకున్న."

"మరి కరెంటు లేదని ఎట్లన్నవ్?"

"లేకుంటే వెలగదని మీరే చెప్పిండ్రు గద."

సార్ నన్ను విప్పి, స్ప్రింగునూ బల్బునూ ఒక నల్లటి చిన్న పుల్లనూ ఆమె అరచేతిలో పెట్టారు.

"ఒంట్లకెళ్లి పోయేది నిజమే. గని ఈ పుల్ల అడ్డం ఉంటది. నీకు తెల్వనంత కొంచెమే పోనిస్తది. ఆ కొంచెం గూడ పోకుంటే బల్బు వెలగది. వెలగకుంటే కరెంటు లేనట్టు గాదు. ఇది నేను చెప్పాల్సింది. చెప్పలే."

పన్నెండో రోజు ఎల్లవ్వ కుడి చేతికి కట్టుతో వచ్చింది. నవనీత ఆమె ముందు తల వంచుకుని నిలబడింది. "నేనే అన్న అవ్వా, కరెంటు లేదని."

"తెల్వక అన్నవ్. తెల్వదని అంటే నేను సార్ కోసం ఆగుదును గద బిడ్డా."

నవనీత ఏడ్చింది. ఎల్లవ్వ ఎడమ చేత్తో ఆమె తల నిమిరింది.

నన్ను తుడిచి, బిగించి, మళ్లీ బీరువాలో పెట్టారు. ఇప్పటికీ తలుపు చప్పుడైతే నాకు భయమేస్తుంది. లోపలికి వచ్చే చేతిని చూడగలను కానీ, ఆ చేతివాళ్లు మనసులో ఏది నిజమనుకుంటున్నారో నాకు కనబడదు.