రాళ్ళగెడ్డవలస రిలే కేంద్రం: ఉంచాలా, తీసేయాలా

రాళ్ళగెడ్డవలస టీవీ రిలే కేంద్రాన్ని మూసేస్తున్నట్టు ఉత్తర్వు వచ్చిన నెలకే, దాని గురించి ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో ఉన్న పేజీని కూడా తీసేస్తామని నోటీసు పడింది. ఉత్తర్వుని సత్యరాజు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ప్రభుత్వం పెట్టింది, ప్రభుత్వం తీసుకుంటోంది. నోటీసు సంగతి విన్నాక మాత్రం కంచం ముందు నుంచి లేచిపోయాడు.

ఆ పేజీ రాసింది అతని కూతురు షీబా. శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ చదువుతోంది. ఊరు పాతపట్నానికి ఎంత దూరం, టవరు ఎత్తెంత, నూరు వాట్ల ట్రాన్స్‌మిటరు ఎన్ని ఊళ్ళకు బొమ్మ పంపేది, అన్నీ నాలుగు పేరాల్లో రాసి, చివర్న "ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇక్కడి టెక్నీషియన్ సత్యరాజు" అని పెట్టింది. టవరు విప్పి పాత ఇనుము కింద లారీ ఎక్కించేశాక, తానక్కడ పనిచేసినట్టు మిగిలేది ఆ ఒక్క వాక్యమేనని సత్యరాజుకి తెలుసు.

నోటీసు పెట్టినాయన పేరు విజయ్‌కుమార్, ఆ సర్వస్వంలో పేజీలు దిద్దేవాళ్ళలో ఒకడు, విజయనగరంలో ఎక్కడో ఉంటాడు. "ఇంత చిన్న కేంద్రానికి విడిగా పేజీ అవసరమా? బయటివాళ్ళు దీని గురించి అచ్చులో రాసిన ఆధారం ఒక్కటీ లేదు. ఏడు రోజుల్లో చూపకపోతే తొలగించాలి" అని రాశాడు.

"ఆధారమేటి? నేనున్నాను కదేటి!" అన్నాడు సత్యరాజు.

"నీ మాట సెల్లదు నాన్నా. నువ్వు అందులో పనిసేసినోడివి. బయటోళ్ళు రాయాల."

"బొమ్మ సూసినోళ్ళందరూ బయటోళ్ళే. ఒక్కడైనా రాసేడేటి? సూసేరు, సాప దులుపుకుని ఎలిపోయేరు."

టవరుకి ఎదురుగా కిరాణా కొట్టు జగన్నాధానిది. ఊళ్ళో మొదటి కలర్ టీవీ కొన్నవాడు, కొట్టు అరుగు మీద పెట్టి ఊరందరికీ చూపించినవాడు. విషయం తెలిసి ఒక బిస్కెట్ల డబ్బా నిండా పాత పెళ్ళి కార్డులు తెచ్చాడు.

"సూడమ్మా షీబా. ఈ ఈదిలో ఏ కార్డు మీదయినా 'టీవీ టవర్ ఎదురుగా' అనే ఉంటాది. అచ్చే కదా ఇది!"

షీబా పదకొండు కార్డులకు ఫోటోలు తీసి పేజీలో పెట్టింది. సాయంత్రానికి జవాబు వచ్చింది: "ఇవి పెళ్ళిళ్ళకు ఆధారాలు. టవరుకు కావు."

"ఆడికి పెళ్ళయినాదా? అడుగోపాలి," అన్నాడు జగన్నాధం. వెళ్తూ వెళ్తూ ఎప్పటి మాటే మళ్ళీ అన్నాడు. "ఆ ఆదివారం నా ఫ్యాను నేకపోతే టవరు మిషను కాలి బూడిదయిపోయేది. ఆ ముక్క రాయమ్మా. నేను బయటోణ్ణే."

సత్యరాజు తల వంచుకుని చెప్పుల కోసం వెతికాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

అయిదో రోజున అతని భార్య జ్ఞానసుందరి పెట్టె అడుగు నుంచి ఒక పుస్తకం తీసి కూతురి చేతిలో పెట్టింది. వాళ్ళ బాప్టిస్టు సంఘం నూరేళ్ళ పండక్కి అప్పటి పాస్టరుగారు రాసి వేయించిన సంచిక. "నలబై మూడో పేజీ సూడు," అంది.

"ఒసే, అది తప్ప ఇంకేదైనా ఎతకండే!" అన్నాడు సత్యరాజు. అప్పటికే షీబా పైకి చదివేస్తోంది.

"1990లో మన ఊరికి రిలే కేంద్రము వచ్చినది మొదలు ఆదివారపు సాయంకాల ఆరాధన పలచబడెను. 1996 మే నెలలో వెలుపలి నుండి ప్రసంగీకుడు వచ్చిన దినమున, పెద్దల కోరికపై సహోదరుడు సత్యరాజు టీవీలో సినిమా నడుచుచుండగా గంటన్నర సేపు ప్రసారము నిలిపెను. మందిరము నిండెను. అయితే అతనిని పిలువబోయిన పాస్టరుగారికి, గది తలుపు వేసికొని, డిష్ నుండి నేరుగా బొమ్మ వచ్చు లోపలి టీవీలో ఆ సినిమాను తానొక్కడే చూచుచు కనబడెను. ఊరికి ఉపవాసము పెట్టి తాను విందు చేసికొన్నందున మూడు మాసములు ప్రభువు బల్లకు దూరముగా ఉంచబడెను."

మూడు నెలలు మందిరంలో అతనికి రొట్టె, ద్రాక్షరసం అందలేదని సంఘంలో అందరికీ తెలిసిన సంగతే. మన ఇంటి మాట అని ఎవరూ వీధిలోకి తీసుకెళ్ళలేదు. వీధికి సత్యరాజు చెప్పింది వేరు: మిషను వేడెక్కిపోయింది. అది నమ్మే కదా, జగన్నాధం తన టేబుల్ ఫ్యాను చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు! సత్యరాజు గుమ్మంలోనే ఫ్యాను అందుకుని, దండం పెట్టి, తలుపు వేసుకున్నాడు.

"పెట్టమంటావా నాన్నా? ఇదొక్కటే ఉన్నాది," అంది షీబా.

సత్యరాజు చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఏడో రోజు మధ్యాహ్నం కేంద్రానికి వెళ్ళి, మిషను మీద దుమ్ము తుడిచి, తిరిగొచ్చి అన్నాడు. "పెట్టీయమ్మా. మిషను ఉన్నాదని రాసినోడు ఆ పాస్టరుగారొక్కడే. నన్ను తిట్టడానికే రాసేడనుకో, రాసేడు కదా!"

గంటలో విజయ్‌కుమార్ జవాబు: "స్వతంత్ర ఆధారం, పైగా ఎక్కడా పొగడ్త లేదు. ఉంచాలి." అంతటితో ఆగక, ఆయనే కూర్చుని "వివాదం" అని ఒక విభాగం చేర్చాడు. కేంద్రం సంగతి నాలుగు పేరాలైతే, వివాదం ఆరు. చివర్న షీబా పెట్టిన వాక్యాన్ని అందులోకే జరిపాడు.

మర్నాడు పొద్దున్నే జగన్నాధం ఫోను పట్టుకుని వచ్చి, అరుగు మీద కూర్చుని, మొత్తం పైకి చదివాడు. చదివి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఒరే సత్యరాజూ. మరి నా ఫ్యాను?"

"నాకే తిరిగింది బావా."

"ఇరవై రెండేళ్ళు సెప్పుకున్నాన్రా! మా ఇయ్యపురాలికి కూడా సెప్పుకున్నాను!"

జ్ఞానసుందరి టీ గ్లాసు తెచ్చి జగన్నాధం పక్కన పెట్టింది. అతను ముట్టుకోలేదు. గొంతు తగ్గించి అడిగాడు.

"సివరికి ఏటయినాది?"

"ఏది?"

"ఆ సినిమాలోరా! హీరో తమ్ముణ్ణి తీసుకుపోయి గోడౌన్లో కట్టేసేరు. అక్కడే కదా ఆపేసేవు!"

"ఓ, అదా? ఇడిపించుకున్నాడు బావా. అందరూ కలిసిపోయేరు."

"అంతేనా?"

"అంతే."

జగన్నాధం టీ గ్లాసు తీసుకున్నాడు. సగం తాగి షీబా వైపు తిరిగాడు. "అయితే అది కూడా ఎక్కించమ్మా. 'తమ్ముడు బతికేడు' అని."

"దానికి ఆధారం కావాల మావయ్యా."

"మీ నాన్న సూసేడు కదే!"

"నాన్నొక్కడే సూసేడు. అది సెల్లదు," అంది షీబా.