మూడో కేసు

చివరి చార్టు కింది మూలకు టేపు అతికిస్తూ సాలేహా నోట్లోని అతిమధురం ముక్కను ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంది. రోజంతా మాట్లాడే గొంతు ఆమెది. అది లేకపోతే మధ్యాహ్నానికే బొంగురుపోతుంది. బస్సులో వేసుకొచ్చిన బురఖా మడిచి సంచిలో పెట్టింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, చార్టు వంకరగా ఉందేమోనని రెండడుగులు వెనక్కి వేసి చూసింది. ‘ఇంట్లో కొనివ్వని వస్తువు పిల్ల దగ్గర కనిపిస్తే’ అన్నది అందులో మొదటి వాక్యం. అక్షరాలన్నీ ఆమె చేతిరాతే.

మైలవరంలోని ఆ కల్యాణమంటపం పద్మావతమ్మగారి ట్రస్టుది. ముందురోజు పెళ్ళి జరిగినట్టుంది, స్తంభాలకు వాడిన బంతిపూలు ఇంకా వేలాడుతున్నాయి. ప్లాస్టిక్ కుర్చీల్లో హాస్టల్ వార్డెన్లు, అంగన్‌వాడీ టీచర్లు, చుట్టుపక్కల స్టేషన్ల నుంచి వచ్చిన కానిస్టేబుళ్ళు సర్దుకుంటున్నారు. పిల్లల్ని మాయమాటలతో తీసుకుపోయి వ్యభిచారంలోకి దించే మనుషుల్ని ఎలా పసిగట్టాలి, చిక్కుకున్న పిల్ల ఎదురుగా వచ్చి నిలబడితే ఏం చేయాలి, ఏం అడగకూడదు — ఇవే ఆమె చెప్పే పాఠాలు. విజయవాడలోని ఒక చిన్న సంస్థలో టైపిస్టుగా చేరి, శిక్షణలిచ్చేవాళ్ళ కాగితాలు టైపు చేసీ చేసీ, ఒకరోజు రావలసిన ఆవిడ రాకపోతే తానే లేచి నిలబడింది. అప్పటినుంచీ ఇదే పని. గుడివాడ, నూజివీడు, బందరు, అవనిగడ్డ. ఏ ఊళ్ళోనైనా అవే చార్టులు, అవే కేసులు. సాయంత్రానికి వన్ టౌన్‌లో తన గది చేరి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టుకోవడం. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే నవ్వి ఊరుకునేది. ఇప్పుడు ఎత్తడం కూడా మానేశారు.

చెప్పే కేసులు నాలుగు. అందులో మూడోది తన చెల్లెలు మహెక్‌ది. ఆ సంగతి ఆఫీసులో కూడా ఎవరికీ తెలియదు.

“కూర్చోండమ్మా, కూర్చోండి. నాకోసం లేవటం ఎందుకూ?”

ఆ మగగొంతు వెనకనుంచి వినిపించింది. ‘అమ్మా’ని సాగదీసి, చివర్లో చిన్న నవ్వు కలిపే గొంతు. సాలేహా చేతిలోని టేపు చుట్ట కింద పడి కుర్చీల కిందకు దొర్లిపోయింది. ఆమె వంగి తీసుకోలేదు.

“మీకు పరిచయం చేయాలమ్మా,” అంటూ పద్మావతమ్మగారు ఆయన్ని ముందుకు తీసుకొచ్చింది. “వెంకటకృష్ణారావుగారు. పోలీసు శాఖలో సీఐగా రిటైరయ్యారు. మేం కొత్తగా ఆడపిల్లల హోమ్ పెడుతున్నాం కదా, దానికి ఈయనే పెద్ద. ఈ ట్రైనింగు వింటే హోమ్‌కి పనికొస్తుందని రమ్మన్నాను.”

మనిషి బాగా ఒళ్ళు చేశాడు. మీసం నెరిసింది. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, మెడలో పులిగోరు గొలుసు. సాలేహా నమస్కారం పెట్టింది. ఆయన ఆమె ముఖంలోకి చూసి చల్లగా నవ్వాడు. గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికి ఆ రోజుల్లో, నాన్న వెనక నిలబడ్డ ఆమెను ఆయన తల ఎత్తి చూస్తే కదా.

ఈ మనిషిని ఆమె మనసులో ఎన్నో రకాలుగా చంపింది. వయసులో ఉన్నప్పుడు రాయితో, కిరసనాయిలుతో. పేపర్లో ఆయనకు ప్రమోషన్ వచ్చిందని ఫోటో చూసిన రోజున వట్టి చేతులతో. తరువాత్తరువాత కోపం పైకి కనిపించడం మానేసి, గొంతులోకి దిగి పాఠమైంది. ఎదురుగా కూర్చున్న ప్రతి కానిస్టేబుల్‌కూ ఆమె చెప్పేది ఒకటే: మీరు అతనిలా ఉండకండి. ఆ అతను ఇవాళ మొదటి వరసలో కుర్చీ లాక్కుని కూర్చుని, కాలు మీద కాలు వేసుకున్నాడు.

మొదటి కేసు చెప్పింది. రెండోది చెప్పింది. మూడోదాన్ని దాటేసి నాలుగోదానికి వెళ్ళిపోవచ్చు. ట్రస్టుతో గొడవలు పెట్టుకోవద్దని ఆఫీసులో మరీమరీ చెప్పి పంపారు. సాలేహా మంచినీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

“మూడో కేసు,” అంది. “తొంభై ఒకటిలో జరిగింది. విజయవాడలోనే.”

ఎప్పుడూ చెప్పినట్టే చెప్పింది. పదమూడేళ్ళ పిల్ల. వాళ్ళ మేడ మీద గదిలోకి ఒకావిడ అద్దెకు దిగింది. పిల్లకు రిబ్బన్లు కొనిచ్చింది, తరువాత చేతి గడియారం ఇచ్చింది. గుణదల తిరనాళ్ళలో రంగులరాట్నం ఎక్కిస్తానని ఒకరోజు తీసుకెళ్ళింది. మర్నాడు ఒక్కతే తిరిగొచ్చింది. గుంపులో తప్పిపోయిందని చెప్పింది. తండ్రి స్టేషన్‌కి పరుగెత్తాడు.

“ఇప్పుడు మీరు ఆ స్టేషన్లో ఉన్నారనుకోండి. ఏం చేస్తారు?”

మైలవరం స్టేషన్ నుంచి వచ్చిన మార్త లేచింది. సన్నటి పిల్ల, కొత్త యూనిఫాం భుజాల మీద ఇంకా కుదురుకోలేదు. “ముందు ఎఫ్ఐఆర్ రాయాలి మేడమ్. ఆ మేడ మీదావిడని ఆ పూటే పట్టుకొచ్చి అడగాలి. రైల్వేస్టేషన్‌కి, బస్టాండ్‌కి ఫోటో పంపాలి.”

వెంకటకృష్ణారావు చెయ్యెత్తాడు. “అడ్డొచ్చాననుకోకండి. కొత్త కదమ్మా, పుస్తకంలో చదివింది చెప్తున్నావు. సర్వీసులో ఇట్టాంటివి బోలెడు చూశాను. పదమూడేళ్ళొచ్చిన పిల్ల తెలియకుండా ఎక్కడికీ పోదు. రెండ్రోజులు ఆగితే అదే వస్తది. తొందరపడి కేసు రాస్తే రేపు ఆ పిల్లకి పెళ్ళెట్టా అవుద్ది? వాళ్ళ మంచికేనమ్మా.”

ఇద్దరు ముగ్గురు తలలూపారు.

“ఆ స్టేషన్ ఎస్సైగారు కూడా సరిగ్గా ఈ మాటే అన్నారండి,” అంది సాలేహా. “తెలియకుండా పోదు, అదే వస్తది అని.”

ఆయన నవ్వాడు. అక్కడితో ఆగినా సరిపోయేది. కానీ ఆమె ఇన్నేళ్ళుగా ఏ శిక్షణలోనూ చెప్పని ముక్క ఒకటి మిగిలి ఉంది. దాన్ని ఇవాళ బయటికి తీసింది.

“ఆ తండ్రి కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. కేసు రాయమని రోజూ వెళ్ళి స్టేషన్ అరుగు మీద కూర్చునేవాడు. ఒకరోజు ఎస్సైగారు పిలిచి, మా ఇంట్లో మిషన్ తిరగట్లేదు, చూసిపెట్టు అన్నారు. ఈయన సంతోషంగా వెళ్ళాడండి. పని చేసిపెడితే కేసు రాస్తారనుకున్నాడు. చేత్తో తిప్పే పాత మిషన్, చక్రం బిగుసుకుపోయింది. పొద్దుటినుంచి సాయంత్రందాకా కూర్చుని విప్పి, కడిగి, నూనె పోసి బిగించాడు. దాని మీద ఎస్సైగారి పాపకు గౌను కూడా కుట్టి చూపించాడు. రేపు రాస్తాలే అన్నారు ఎస్సైగారు. మర్నాడు మేడ మీదావిడ సామాన్లు రిక్షాలో వేసుకుని, పట్టపగలు, స్టేషన్ ముందునుంచే వెళ్ళిపోయింది.”

వెంకటకృష్ణారావు మీద వేసుకున్న కాలు కిందికి దించాడు. ఆయన పెదవులు కదిలాయి.

“ఇస్సాక్...” అన్నాడు, తనలో తాను అనుకున్నట్టుగా.

పక్కనే ఉన్న మార్త ఆయన వైపు తిరిగింది. “ఎవరు సార్? ఆయన మీకు తెలుసా?”

“నేను పేరు చెప్పలేదండి,” అంది సాలేహా.

ఆయన అప్పుడు చూశాడు ఆమె ముఖంలోకి. ఆ కళ్ళు తన ముక్కునూ గడ్డాన్నీ వెతుక్కుంటూ నాన్న ఇస్సాక్ పోలికల దగ్గర ఆగడం ఆమెకు తెలిసింది. ఒంట్లో ఏదో వెచ్చగా పాకింది. సిగ్గుపడకుండా ఆ వెచ్చదనాన్ని అలాగే ఉండనిచ్చింది.

“అప్పుడు తిరనాళ్ళ బందోబస్తు,” అన్నాడాయన. “మనుషులు లేరు. చట్టాలు కూడా ఇప్పట్లా ఎక్కడున్నాయమ్మా?”

“పిల్లని ఎత్తుకుపోతే కేసు రాయాలని అప్పుడూ ఉందండి.” ఆమె గొంతు పెరగలేదు. జనం వైపు తిరిగింది. “ఇప్పుడు చెప్పండి. ఆ ఎస్సైగారు చేయాల్సింది ఏది చేయలేదు?”

“కేసు రాయలేదు మేడమ్,” అంది మార్త.

“ఇంకా?”

“ఆవిడని పిలిచి అడగలేదు,” అన్నాడు వెనకనుంచి ఒక కానిస్టేబుల్.

“ఇంకా?”

ఒక్కొక్కరే లేచారు. గడియారం ఎక్కడిదని అడగలేదు. తండ్రి మాట నమ్మలేదు. పిల్లదే తప్పన్నాడు. ఇందాక తలలూపినవాళ్ళు కూడా లేచారు. ప్రతి జవాబుకూ ఆమె ఆగి, ఆయన వైపు చూసి, మళ్ళీ “ఇంకా?” అంది. ఆయన లేవబోతే, “కూర్చోండి సార్, అయిపోవచ్చింది,” అంది మర్యాదగా. ఆయన కూర్చున్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. చివరికి పెనుగంచిప్రోలు నుంచి వచ్చిన అమలమ్మ అనే ముసలి వార్డెన్ లేచి, “ఆ గౌను ఆ పాప ఎట్టా తొడుక్కుందో తల్లీ,” అని కూర్చుంది. ఆ తరువాత సాలేహా ఇంకేమీ అడగలేదు.

భోజనాలకు లేచినప్పుడు పద్మావతమ్మగారు ఆమెను పక్కకు పిలిచింది. “మీ చెల్లెలా?”

“అవునండి.”

“దొరికిందా?”

“లేదండి. బొంబాయిలో చూశామని ఒకరు, పూనాలో అని ఇంకొకరు చెప్పారు. నాన్న రెండు ఊళ్ళూ తిరిగొచ్చి, మంచాన పడి పోయారు.”

పద్మావతమ్మగారు కళ్ళు ఒత్తుకుంది. “ఎంత ఘోరం. నాకు మరిది వరస అవుతాడు. ఇట్టాంటిదని నాకు తెలీదమ్మా.”

“మీరు బాధపడటం నాకక్కర్లేదండి,” అంది సాలేహా. “ఆ హోమ్‌లో ఆయన కాలు పెట్టకూడదు. ఆ మాట మీరు ఇక్కడే, అందరి ముందూ చెప్పాలి.”

“ఇంటి మనిషి. తరువాత నెమ్మదిగా తప్పిస్తాను.”

“నెమ్మదిగా వద్దండి.”

ఆవిడ భోజనాలయ్యాక మైకు అందుకుని, హోమ్ బాధ్యతల నుంచి వెంకటకృష్ణారావుగారిని తప్పిస్తున్నామని, ఆయన స్థానంలో ఎవరిని పెట్టినా ముందు ఈ శిక్షణ పూర్తిచేయాలని చెప్పింది.

ఆయన కుర్చీ అప్పటికే ఖాళీగా ఉంది. ఎప్పుడు వెళ్ళాడో ఎవరూ చూడలేదు. గిన్నెలు తోమే రూతు చెప్పింది, ముందు గుమ్మంలో జనం నిలబడి ఉన్నారని కాబోలు, వంటశాలలోంచి వట్టి కాళ్ళతో ఎంగిలి నీళ్ళు తొక్కుకుంటూ పోయి, గోడ అవతల కారెక్కాడని.

సాలేహా ఆలస్యంగా విస్తరి ముందు కూర్చుంది. గుండె తేలికపడుతుందని ఎప్పుడూ అనుకునేది. తేలికపడలేదు. ఆకలి మాత్రం వేసింది. పప్పు రెండుసార్లు అడిగి వేయించుకుని తింది. ఇది చాలదు అనుకుంది. అతను ఈ ఊళ్ళో ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ పంక్తిలో కూర్చున్నా, ఇవాళ ఇక్కడున్నవాళ్ళు ఎవరో ఒకరు ఎదురవుతారు. అది తలుచుకుని మజ్జిగ పోయించుకుంది. తరువాత లేచి, చేయి కడుక్కుని, నాలుగో కేసు చెప్పింది.

సాయంత్రం చార్టులు చుట్టి, బురఖా తొడుక్కుని ఆమె బయటికొచ్చేసరికి మంటపం ఖాళీ అయింది. మెట్ల దగ్గర పొద్దున కుప్పలా ఉన్న చెప్పుల్లో ఆమెవి పోగా ఒక్క జతే మిగిలింది. గోధుమరంగు తోలువి, మగవాళ్ళవి, కొత్తవి. ఒకటి తిన్నగా ఉంది, ఒకటి ఎవరి కాలో తగిలి బోర్లా పడి ఉంది.