నిండు గమేళా

అద్దం మేస్త్రి పరంజా ఎక్కాడంటే వీధి మొత్తానికీ తెలిసిపోయేది. తాపీ చప్పుడు వల్ల కాదు, గొంతు వల్ల. "నిండుగా" అని పైనుంచి ఒక్క కేక వేసేవాడు. కింద సిమెంటు మాలు కలుపుతున్న భార్య, మాలు మోసే ఇనుప గమేళాని అంచుదాకా నింపి అందించాలని దాని అర్థం. పొద్దున్నించి సాయంత్రం దాకా అదే పాట. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు భోజనాల దగ్గర కూడా "నిండుగా" అని ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు.

ఆయన పూసిన గోడ ముందు నిలబడి తల దువ్వుకోవచ్చని జనం అనేవాళ్లు. పేరు అలా వచ్చింది. పేరుతోపాటు ముక్కుమీద కోపం కూడా వచ్చిందని భార్య అంటుంది. అది పెళ్లికి ముందునుంచీ ఉన్నదేనని ఆయన చెల్లెలు అంటుంది.

కోపం సంగతి ఎలా ఉన్నా మాటమీద మాత్రం గట్టి మనిషి. ఎప్పుడో మూలమీది టీకొట్టువాడితో మాటామాటా వచ్చి ఇక ఆ గడప తొక్కనన్నాడు. ఆ కొట్టువాడు కొట్టు అమ్ముకుని వెళ్లిపోయాడు, కొత్తవాడు వచ్చాడు, ఈయన ఇప్పటికీ పక్క వీధికి వెళ్లే టీ తాగుతాడు. అలాంటివాడు నలుగురిలో మరో మాట కూడా అన్నాడు. గమేళా బరువనిపించిన రోజున తాపీ కడిగి అటకమీద పెట్టేస్తానని, మళ్లీ దించనని.

పోయిన వానల్లో ఒక సాయంత్రం ఆయన చొక్కా విప్పుకోవడం భార్య చూసింది. కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. గుండీ ఇరుక్కుందన్నాడు. ఆ చొక్కాకి గుండీలన్నీ విప్పే ఉన్నాయి. ఆమె సరేనని ఊరుకుంది గానీ ఆ రాత్రి అన్నం సహించలేదు. పని లేని రోజున ఈయన ఇంట్లో గోడలు తట్టుకుంటూ తిరుగుతాడు, మధ్యాహ్నానికల్లా ముఖం వాడిపోతుంది. తాపీ అటకెక్కితే మనిషి మంచమెక్కుతాడని ఆమె భయం.

మర్నాటి నుంచి గమేళాలో కాస్త తగ్గించింది. కొన్నాళ్లకి ఇంకాస్త. చివరికి సగానికి వచ్చింది. సగం గమేళా పైకి అందిస్తూ ఎక్కడ పట్టుబడతానోనని ఆయన ముఖం వైపు చూసేది కాదు. ఆయన కూడా ఏమీ అనలేదు. అంతేకాదు, "నిండుగా" అన్న కేక కూడా ఆ రోజుల్లోనే ఆగిపోయింది. "మాలు" అని మెల్లగా అనేవాడు. పాపం గొంతులో కూడా సత్తువ పోయిందనుకుని ఆమె లోలోపల కుమిలింది.

ఇలా ఉండగా అల్లుడు ఒక పని తెచ్చాడు. అతను ఇళ్లు కట్టే సామాను అమ్మే కొట్లో పనిచేస్తాడు. అతనికి తెలిసిన దర్జీ ఆవిడ ఒకరు పాత ఇటుక ఇంట్లో ఉంటోంది. ఒకప్పుడు సున్నంతో కట్టిన ఇల్లు అది. మధ్యలో ఎవరో బాగుచేస్తున్నామనుకుని బయటి గోడలకి గట్టి సిమెంటు పూశారు. లోపలికి చేరిన తేమకి బయటికి దారి మూసుకుపోయింది. గోడ లోపలివైపు చెమటలు పట్టి, కుట్టి పెట్టిన తెల్లబట్టలకి మచ్చలు పడుతుంటే, ఆవిడ మిషను తీసుకెళ్లి వంటగదిలో పెట్టుకుంది. ఆ సిమెంటంతా చెక్కేసి, తేమ ఆవిరై పోయేలా సున్నంతో చేసిన కొత్తరకం తేలిక మాలు తొలిపూతగా వేయాలి. దానిమీద సిమెంటు చల్లకూడదు, ఇనుప చెక్కతో రుద్ది మెరుగు పెట్టకూడదు. పైపూత పట్టుకోవడానికి పళ్లచెక్కతో గీతలు గీసి వదిలేయాలి. గోడ ఊపిరి పీల్చుకోవాలని అల్లుడు చెప్పాడు.

"గోడలకి చెవులుంటాయన్నారు, సరే," అన్నాడు మేస్త్రి. "ఇప్పుడు ముక్కులు కూడానా అల్లుడూ?"

"ముక్కులే మామయ్యా. మీరు అద్దం చేశారంటే ముక్కు మూసేసినట్టే."

అద్దం మేస్త్రిని అద్దం చేయొద్దనడం వంటమనిషిని ఉప్పు వేయొద్దనడమే. చెప్పింది అల్లుడు కాకపోతే పరంజా దగ్గరికి కూడా రానిచ్చేవాడు కాదు. కానీ దర్జీ ఆవిడ మచ్చలుపడ్డ చిన్న తెల్లగౌను ఒకటి తెచ్చి చూపించి, "ఇది కుట్టమన్నవాళ్లకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు అన్నా" అంది. ఆ గౌను చూశాక ఆయన పనికి ఒప్పుకున్నాడు. తేలిక సరుకన్న మాట మాత్రం నమ్మలేదు. అమ్మేవాడికి అన్నీ తేలికేనని గొణుక్కుంటూ పాత సిమెంటు చెక్కడానికి ఎక్కాడు.

ఇటుక బయటపడి, దుమ్ము కడిగి, గోడ తడిపిన రోజున బస్తాలు వచ్చాయి. భార్య అలవాటు ప్రకారం నడుం బిగించి, ఊపిరి బిగబట్టి, సిమెంటు బస్తాని లాగినట్టు ఒక్క గుంజు గుంజింది. బస్తా దూదిమూటలా లేచి వచ్చేసరికి దాన్ని కౌగిలించుకుని వెనక్కి తూలింది. అత్తగారి ముందు నవ్వకూడదు గనక అల్లుడు గోడవైపు తిరిగి ఇటుకల్ని చూస్తూ నిలబడ్డాడు.

అల్లుడు వెళ్లిపోయాక, అతను చెప్పిన కొలత ప్రకారం ఆమె నీళ్లు పోసి కలిపి, కాసేపు ఆగి మళ్లీ కలిపింది. మాలులో తెల్లటి సన్న గింజలు, ఉన్నాయా లేవా అన్నంత తేలికవి. పారతో గమేళాలో వేసింది, ఇంకా వేసింది. ఎన్నో నెలల తర్వాత గమేళా అంచు కనబడకుండా నింపింది. దొంగతనం మానేసిన మనిషికి ఎంత హాయిగా ఉంటుందో ఆమెకి అంత హాయిగా ఉంది. పైకి అందించింది.

ఆయన ఎప్పట్లాగే గోడమీంచి చూపు తిప్పకుండా చెయ్యి చాచి అందుకున్నాడు. అందుకుని అలాగే ఆగిపోయాడు.

"ఇన్నాళ్లూ సగమైనా వేసేదానివి," అన్నాడు. కోపంగా అనలేదు. "ఇవాళ పావు కూడా లేదు. మోకాలు అంత నొప్పిగా ఉంటే చెప్పొచ్చు కదే. నేనే దిగి వచ్చి తెచ్చుకునేవాణ్ణి."

ఆమెకి ముందు ఏమీ అర్థం కాలేదు. ఇన్నాళ్లూ సగమన్న మాట చెవిలో పడ్డాక తలెత్తి ఆయన ముఖం వైపు చూసింది.

"నీకు తెలుసా?"

"నలభై ఏళ్లుగా గోడలు పూసిన చెయ్యికి సగమేదో నిండేదో తెలియదా? ఆ రోజు మాలు తొట్టి దగ్గర గోడ పట్టుకుని లేచావు. అప్పట్నించే కదా తగ్గించావు. అడిగితే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాను."

ఆ రోజు ఆమెకి గుర్తుంది. కూర్చుని కూర్చుని కాలు తిమ్మిరెక్కింది, అంతే. ఆ తిమ్మిరి చూసి ఈ మనిషి తన కేకని గొంతులోనే మింగేశాడు. ఒకే గొడుగు కింద నడుస్తూ, రెండోవాళ్లు తడవకూడదని చెరోపక్కకీ జరిగితే చివరికి ఇద్దరూ తడుస్తారు. అలా అయింది వాళ్ల పని.

"నా మోకాలికేం, గుండ్రాయిలా ఉంది," అంది. "ముందు గమేళాలోకి చూడు."

చూశాడు. అంచు కనబడకుండా ఉంది. చెయ్యి అబద్ధం చెప్పడం ఆయనకి అదే మొదటిసారి.

"మరి సగం ఎందుకు వేశావు ఇన్నాళ్లూ?"

"నీ భుజం కోసం."

ఆయన గమేళా పలకమీద పెట్టాడు. భుజం తడుముకోబోయి మానేశాడు. తాపీ వంక చూశాడు.

"అయితే తాపీ కడిగి అటకెక్కించే రోజు వచ్చేసిందన్నమాట."

కాదనవచ్చు, కానీ ఇంకా దాచే ఓపిక ఆమెలో లేదు.

"వచ్చింది. నేనే గుమ్మంలోంచి పంపేశాను. నిన్ను అడిగితే లోపలికి పిలిచి కూర్చోబెట్టేవాడివి."

ఆయన గోడవైపు తిరిగి మాలు ఎత్తి వేశాడు. రాలకుండా పట్టుకుంది. బద్దతో సాఫు చేశాడు. కాస్త బిగిశాక చెయ్యి దానంతటదే ఇనుప చెక్క మీదికి పోయింది, ఆగింది, పళ్లచెక్క అందుకుంది. తన చేత్తో తన గోడమీద అడ్డంగా గీతలు గీశాడు.

"గీకుతున్నాను, చూశావా," అన్నాడు, ఎవరో బలవంతం చేసినట్టు.

"గీకు. దాన్ని కూడా ఊపిరి పీల్చుకోనీ."

గమేళా ఖాళీ అయింది. కిందికి దించాడు. ఆమె తొట్టి దగ్గర పార పట్టుకుని నిలబడింది. ఈసారి ఎంత వేయాలో తెలియలేదు. వంటగదిలో మిషను చప్పుడు కూడా ఆగినట్టు అనిపించింది.

"నిండుగా," అని కేక వినబడింది పైనుంచి. మధ్యలో కాస్త జీరపోయింది గానీ వీధి చివరిదాకా వెళ్లింది.

ఆమెకి ఏడుపొచ్చింది. ముఖం తుడుచుకుంటే మాలు అంటుకుంది. నింపి, వంగి లేపబోతుంటే ఆయన పరంజా దిగి వచ్చి గమేళా రెండో చెవి పట్టుకున్నాడు.

"బరువు లేదు కదయ్యా," అంది.

"లేదు," అన్నాడు. "నిండుగా ఉంది కదా, ఒలుకుతుంది."